ఛాంపియన్‌షిప్ జ్ఞాపకాలు: రికార్డు చెప్పేది, అభిమాని చెప్పేది

2025 నవంబరు 2, ఆదివారం. భారత కాలమానం ప్రకారం ఆ ఉదయం కెనడాలోని టొరంటో నగరంలో బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ ఏడో ఆట ముగిసింది. 11 ఇన్నింగ్స్ వరకు సాగిన ఆ ఆటలో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ 5-4తో టొరంటో బ్లూ జేస్‌ను ఓడించి, సిరీస్‌ను 4-3తో గెలుచుకుంది. అదే రోజు రాత్రి నవీ ముంబైలోని డి.వై. పాటిల్ స్టేడియంలో భారత మహిళల జట్టు దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి తొలిసారి వన్డే ప్రపంచకప్‌ను అందుకుంది.

ఒక చోట ఓటమి, మరో చోట విజయం. అయితే ఆట ముగిశాక రెండు చోట్లా అభిమానులు పాత సంగతులనే తవ్వుకున్నారు. టొరంటో వాసులు తమ జట్టు చివరిసారి గెలిచిన 1993ను తలచుకున్నారు. భారత అభిమానులు ఫైనల్లో ఓడిన 2005ను, 2017ను తలచుకున్నారు. కొత్త ఫైనల్ ఏదైనా పాత ఫైనళ్లను వెంటబెట్టుకునే వస్తుంది. ఆ ముచ్చట్లలో ఎంత నిజం నిలుస్తుంది, ఎంత మారిపోతుంది, ఆ మార్పు వల్ల ఎవరికి నష్టం, అసలు వాటిని ఎందుకు భద్రపరచుకోవాలి అన్న ప్రశ్నలు బేస్‌బాల్‌కు, క్రికెట్‌కు సమానంగా వర్తిస్తాయి. మైదానానికి దూరంగా బతికే వారికి అవి మరింత వర్తిస్తాయి. అండమాన్‌లోని గరాచర్మ అందుకు తగిన ఉదాహరణ.

గరాచర్మకు ఆట చేరిన దారి

దక్షిణ అండమాన్‌లో, 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు శివారు పట్టణం గరాచర్మ. కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్కడే ఉంది. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభా 3,80,581. అందులో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. వీరిలో చాలామంది పూర్వీకులు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం తీరాల నుంచి వలస వచ్చినవారు. విశాఖపట్నం నుంచి ఇక్కడికి సముద్ర మార్గంలో సుమారు 1,200 కిలోమీటర్లు. ఓడ ప్రయాణానికి రెండు రోజులకు పైగా పడుతుంది.

ఇంత దూరంలో ఉన్నవారికి పెద్ద మ్యాచ్‌ను మైదానంలో కూర్చుని చూడడం అరుదైన అవకాశం. ఇక్కడి తరాల క్రీడా జ్ఞాపకమంతా ఏదో ఒక సాధనం ద్వారా వచ్చినదే. పోర్ట్ బ్లెయిర్ ఆకాశవాణి కేంద్రం 1963లో ప్రారంభమైంది. ఆ తరువాత దూరదర్శన్, ఉపగ్రహ ఛానళ్లు వచ్చాయి. ఇంటర్నెట్ మాత్రం చాలాకాలం ఉపగ్రహాల మీదే ఆధారపడి, ఖరీదుగా, మందకొడిగా ఉండేది. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు, అక్కడి నుంచి ఇతర దీవులకు సుమారు 2,300 కిలోమీటర్ల మేర సముద్ర గర్భంలో వేసిన ఆప్టికల్ ఫైబర్ కేబుల్‌ను 2020 ఆగస్టు 10న ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించారు. ప్రధాన భూభాగంలో వేసిన బంతిని దీవుల్లోని చరవాణిలో అంతరాయం లేకుండా చూడగలిగే పరిస్థితి ఆ తరువాతే ఏర్పడింది.

అందువల్ల ఒకే ఇంట్లో తాత జ్ఞాపకం ఒక గొంతు, తండ్రి జ్ఞాపకం ఒక టీవీ తెర, మనుమరాలి జ్ఞాపకం అరచేతిలోని ఫోను. ముగ్గురూ ఒకే క్రీడ గురించి మాట్లాడుకుంటున్నా వారి మనసులో ఉన్నవి మూడు రకాల అనుభవాలు. రేడియో విన్నవారు ఆటను ఊహించుకున్నారు. తెర మీద చూసినవారు ఆటను గుర్తుంచుకున్నారు. ఫోనులో చూసినవారు కావలసినప్పుడు మళ్లీ చూసుకుంటున్నారు.

వరల్డ్ సిరీస్ స్వరూపం

ఇటువంటి ముచ్చట్లకు ప్రపంచంలోనే పేరుపడిన వేదిక బేస్‌బాల్. అమెరికా, కెనడాలలో ఆడే మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో రెండు విభాగాలు ఉన్నాయి. ఒకటి అమెరికన్ లీగ్, రెండోది నేషనల్ లీగ్. వీటి విజేతల మధ్య ఏటా శరదృతువులో జరిగేదే వరల్డ్ సిరీస్. 1903లో మొదలైన ఈ పోటీ 1904లోను, ఆటగాళ్ల సమ్మె కారణంగా 1994లోను మాత్రమే జరగలేదు. మొత్తం ఏడు ఆటలలో ముందుగా నాలుగు గెలిచిన జట్టు విజేత.

క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్ ఒక్క రోజులో తేలిపోతుంది. వరల్డ్ సిరీస్ పది రోజుల వరకు సాగుతుంది. ఒక రాత్రి ఓడిన జట్టు మరునాడు గెలవవచ్చు. క్రికెట్‌లో దీనికి దగ్గరగా ఉండేది టెస్టు సిరీస్. పలు రోజులు, పలు మలుపులు ఉండడం వల్లే ఇటువంటి పోటీల విషయంలో జ్ఞాపకం ఎక్కువగా తడబడుతుంది. ఏడు ఆటలలో మనసు ఒక్క దృశ్యాన్ని ఎంచుకుంటుంది. సిరీస్ మొత్తం ఆ దృశ్యంతోనే ముగిసినట్టు తోస్తుంది.

ఒక పొరపాటు, ఒక జీవితం

ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ 1986 వరల్డ్ సిరీస్. 1918 తరువాత టైటిల్ ఎరుగని బోస్టన్ రెడ్ సాక్స్ న్యూయార్క్ మెట్స్‌పై 3-2 ఆధిక్యంలో ఉంది. అక్టోబరు 25న ఆరో ఆట పదో ఇన్నింగ్స్‌లో బోస్టన్ 5-3తో ముందుంది. న్యూయార్క్ ఇద్దరు బ్యాటర్లు అవుటయ్యారు. మరొక్కరు అవుటైతే టైటిల్ బోస్టన్‌దే. ఆ దశలో న్యూయార్క్ వరుసగా మూడు హిట్లు సాధించింది. తరువాత క్యాచర్‌కు అందకుండా పోయిన ఒక బంతితో స్కోరు 5-5 అయింది. అప్పుడు మూకీ విల్సన్ నేల బారుగా కొట్టిన బంతి ఫస్ట్ బేస్ వద్ద ఉన్న బిల్ బక్నర్ కాళ్ల మధ్య నుంచి దూసుకుపోయింది. న్యూయార్క్ 6-5తో గెలిచింది.

బక్నర్ పొరపాటుతో బోస్టన్ సిరీస్ ఓడిందని లక్షలాది అభిమానులు దశాబ్దాల పాటు చెప్పుకున్నారు. రికార్డు మరోలా ఉంది. బంతి బక్నర్‌ను దాటే సమయానికే స్కోరు సమమైంది. ఆ ఓటమితో సిరీస్ 3-3 అయిందే తప్ప ముగియలేదు. అక్టోబరు 27న జరిగిన ఏడో ఆటలో బోస్టన్ ఒక దశలో 3-0 ఆధిక్యంలో ఉండి కూడా 8-5తో ఓడింది. తన క్రీడా జీవితంలో 2,715 హిట్లు సాధించిన ఆటగాడిని జనం ఒక్క బంతికి కుదించేశారు. 2004లో బోస్టన్ 86 ఏళ్ల నిరీక్షణకు తెరదించాక గాని ఆ కోపం చల్లారలేదు. 2008 సీజన్‌లో తన మైదానమైన ఫెన్‌వే పార్క్‌లో జరిగిన తొలి ఆటకు లాంఛనంగా మొదటి బంతి విసిరేందుకు బక్నర్ వచ్చినప్పుడు ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. 2019లో ఆయన కన్నుమూశారు.

అదే ఏడాది భారత క్రికెట్‌లోనూ ఇటువంటి ఘటనే జరిగింది. 1986 ఏప్రిల్ 18న షార్జాలో ఆస్ట్రల్-ఆసియా కప్ ఫైనల్. చివరి బంతికి పాకిస్థాన్‌కు నాలుగు పరుగులు కావాలి. చేతన్ శర్మ వేసిన ఆ బంతిని జావెద్ మియాందాద్ సిక్సర్‌గా మలిచారు. అంతకుముందు ఆ మ్యాచ్‌లో చేతన్ శర్మ మూడు వికెట్లు తీసిన సంగతి చాలామందికి గుర్తు లేదు. మరుసటి ఏడాది 1987 ప్రపంచకప్‌లో నాగపూర్ వేదికగా న్యూజిలాండ్‌పై హ్యాట్రిక్ సాధించి, ప్రపంచకప్ చరిత్రలో ఆ ఘనత అందుకున్న తొలి బౌలర్‌గా ఆయన నిలిచారు. అయినా ఆయన పేరు చెప్పగానే ఎక్కువమందికి గుర్తుకు వచ్చేది షార్జా బంతే. అభిమానుల జ్ఞాపకంలోని తప్పు కేవలం గణాంకానికి సంబంధించినది కాదు. దాని భారం ఒక మనిషి మీద పడుతుంది.

గుర్తుండే సిక్సర్, మరచిపోయే ముగింపు

సంతోషకరమైన జ్ఞాపకాలకూ ఇదే గతి పడుతుంది. 1988 వరల్డ్ సిరీస్ అనగానే డాడ్జర్స్ అభిమానులకు కనిపించేది కర్క్ గిబ్సన్. రెండు కాళ్లకూ గాయాలతో కుంటుతూ వచ్చి, డెన్నిస్ ఎకర్‌స్లీ బంతిని ప్రేక్షకుల మధ్యకు పంపి 5-4తో గెలిపించిన దృశ్యం అది. అది సిరీస్ గెలిపించిన షాట్ అని భావించేవారు ఎక్కువ. నిజానికి అది అక్టోబరు 15న జరిగిన మొదటి ఆట. ఆ సిరీస్‌లో గిబ్సన్ మళ్లీ బ్యాట్ పట్టలేదు. డాడ్జర్స్ 4-1తో గెలిచింది, సిరీస్ ఉత్తమ ఆటగాడిగా ఎంపికైనది బౌలింగ్ భారం మోసిన ఓరెల్ హెర్షైజర్. 2024 అక్టోబరు 25న అదే మైదానంలో తొలి ఆట పదో ఇన్నింగ్స్‌లో ఫ్రెడీ ఫ్రీమన్ గ్రాండ్ స్లామ్‌తో డాడ్జర్స్‌ను గెలిపించినప్పుడు వృద్ధ అభిమానుల నోట వెంటనే వెలువడిన పేరు గిబ్సన్‌దే.

తెలుగు అభిమానికి ఇటువంటి ఘట్టం 2001 కోల్‌కతా టెస్టు. వరుసగా 16 టెస్టులు గెలిచిన ఆస్ట్రేలియా ముంబైలో తొలి టెస్టును మూడు రోజులలోనే ముగించింది. కోల్‌కతాలో భారత్ 274 పరుగులు వెనుకబడి ఫాలోఆన్ ఆడింది. హైదరాబాద్‌కు చెందిన వి.వి.ఎస్. లక్ష్మణ్ 281, రాహుల్ ద్రవిడ్ 180 పరుగులు చేశారు. ఐదో వికెట్‌కు 376 పరుగుల భాగస్వామ్యం. మార్చి 14న రోజంతా ఒక్క వికెట్ పడలేదు. 171 పరుగుల తేడాతో భారత్ గెలిచింది. ఫాలోఆన్ ఆడిన జట్టు టెస్టు గెలవడం అప్పటికి చరిత్రలో మూడోసారి మాత్రమే.

లక్ష్మణ్ ఆ ఇన్నింగ్స్‌తో సిరీస్ గెలిపించారని చెప్పుకోవడం తెలుగు నాట పరిపాటి. ఆ విజయంతో సిరీస్ 1-1 అయింది. సిరీస్ తేలింది చెన్నైలో. 155 పరుగుల లక్ష్యాన్ని భారత్ ఎనిమిది వికెట్లు కోల్పోయి చేరింది. చెన్నైలో హర్భజన్ సింగ్ 15 వికెట్లు తీశారు. మూడు టెస్టులలో 32 వికెట్లతో సిరీస్ ఉత్తమ ఆటగాడూ ఆయనే. చెన్నై రెండో ఇన్నింగ్స్‌లో లక్ష్మణ్ చేసిన 66 పరుగులు కూడా కోల్‌కతా వెలుగులో మరుగున పడ్డాయి. ఇక్కడ జ్ఞాపకం అబద్ధం చెప్పలేదు. ముగింపును మాత్రం ఒక వారం ముందుకు జరిపింది.

ఓడిన జట్టు నాయకుడికి బహుమతి

హైదరాబాద్ పేరుతో ఆడిన జట్లకు సంబంధించిన జ్ఞాపకాలలో 2009 ఐపీఎల్ ఫైనల్‌ది ప్రత్యేక స్థానం. సార్వత్రిక ఎన్నికల కారణంగా ఆ ఏడాది టోర్నీ దక్షిణాఫ్రికాకు తరలింది. 2008లో అట్టడుగున నిలిచిన దక్కన్ ఛార్జర్స్, మే 24న జొహానెస్‌బర్గ్‌లో రాయల్ ఛాలెంజర్స్‌ను 6 పరుగుల తేడాతో ఓడించి విజేత అయింది. కెప్టెన్ ఆడమ్ గిల్‌క్రిస్ట్ మెరుపులతో ఫైనల్ గెలిచారని తలచేవారు ఉన్నారు. ఆ మ్యాచ్‌లో గిల్‌క్రిస్ట్ తొలి ఓవర్‌లోనే పరుగులేమీ చేయకుండా అవుటయ్యారు. ఆయనను అవుట్ చేసిన ప్రత్యర్థి కెప్టెన్ అనిల్ కుంబ్లే 16 పరుగులకు 4 వికెట్లు తీసి, ఓడిన జట్టులో ఉండి కూడా మ్యాచ్ ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యారు. దక్కన్ తరఫున నిలిచి ఆడినది 53 పరుగులతో అజేయంగా మిగిలిన హర్షెల్ గిబ్స్. గిల్‌క్రిస్ట్‌కు దక్కింది టోర్నీ ఉత్తమ ఆటగాడి బహుమతి. ఈ రెండు బహుమతులు అభిమానుల మనసులో ఒకటైపోయాయి.

దక్కన్ ఛార్జర్స్ 2012తో కనుమరుగైంది. మరుసటి ఏడాది నుంచి సన్‌రైజర్స్ హైదరాబాద్ బరిలోకి వచ్చి, 2016లో బెంగళూరులో 8 పరుగుల తేడాతో విజేతగా నిలిచింది. ప్రత్యర్థి మళ్లీ రాయల్ ఛాలెంజర్సే కావడంతో ఈ రెండు ఫైనళ్లను కలిపి చెప్పేవారూ కనిపిస్తారు. బేస్‌బాల్‌లోనూ లేని జట్టును తలచుకునే అభిమానులు ఉన్నారు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ ప్రాంతానికి చెందిన డాడ్జర్స్ 1955లో తొలి టైటిల్ గెలిచి, 1957 సీజన్ ముగిశాక లాస్ ఏంజెలెస్‌కు తరలిపోయింది. జట్టు వెళ్లిపోయినా బ్రూక్లిన్ వీధుల్లో ఆ కథలు నిలిచాయి. జట్టు లేనప్పుడు దానికి మిగిలే ఆస్తి అభిమానుల మాటే.

దృశ్యం లేని ఇన్నింగ్స్

అభిమాని జ్ఞాపకం పొరపడుతుంది కనుక దానిని పక్కన పెట్టి, రికార్డునే నమ్మాలన్న వాదనకు 1983 ప్రపంచకప్ సమాధానం చెబుతుంది. జూన్ 18న ఇంగ్లండ్‌లోని టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జింబాబ్వేపై భారత్ 9 పరుగులకే 4 వికెట్లు కోల్పోయిన దశలో కెప్టెన్ కపిల్ దేవ్ క్రీజులోకి వచ్చారు. స్కోరు 17 పరుగులకు 5 వికెట్లకు చేరింది. అక్కడి నుంచి కపిల్ 138 బంతుల్లో 175 పరుగులతో అజేయంగా నిలిచారు. సయ్యద్ కిర్మానీతో కలిసి తొమ్మిదో వికెట్‌కు విడిపోకుండా 126 పరుగులు జోడించారు. భారత్ 31 పరుగుల తేడాతో గెలిచింది. ఆ మ్యాచ్‌కు టీవీ దృశ్యాలు లేవు.

స్కోరు పుస్తకం 175 అని చెబుతుంది. ఆ 175 ఎలా ఉందో చెప్పగలిగింది మైదానంలో ఉన్నవారే. వారి మాటలు పత్రికలకు, పత్రికల నుంచి ఇళ్లకు, ఇళ్ల నుంచి తరువాతి తరానికి చేరాయి. ఎవరూ తెర మీద చూడని ఇన్నింగ్స్ భారత క్రికెట్‌లో అత్యధికంగా చెప్పుకునే ఇన్నింగ్స్‌లలో ఒకటి కావడం ముచ్చట్ల బలాన్ని చాటుతుంది.

వారం తరువాత, జూన్ 25న లార్డ్స్‌లో ఫైనల్. భారత్ 183, వెస్టిండీస్ 140. వివియన్ రిచర్డ్స్ కొట్టిన బంతిని కపిల్ వెనక్కి పరుగెత్తుతూ అందుకున్న క్యాచ్ అందరికీ గుర్తే. ఆ వికెట్ తీసిన మదన్ లాల్ పేరు కొందరికే గుర్తుంటుంది. సెమీఫైనల్, ఫైనల్ రెండింటిలోనూ ఉత్తమ ఆటగాడు మొహిందర్ అమర్‌నాథ్ అన్న సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు. ఆనాడు దేశంలో టీవీలు కొద్ది ఇళ్లలోనే ఉండేవి. చాలామందికి రేడియో వ్యాఖ్యానమే ఆట. అందువల్ల 1983ను చెప్పుకునే పెద్దలు స్కోరు కన్నా ముందు, ఎవరి ఇంటి రేడియో, ఎవరు గట్టిగా అరిచారు, ఆ రాత్రి ఎప్పుడు నిద్రపోయారు అన్నవి చెబుతారు. ఈ వివరాలు ఏ రికార్డు పుస్తకంలోనూ దొరకవు.

జ్ఞాపకం ఎందుకు మారుతుంది

ఈ విషయంపై జరిగిన ప్రసిద్ధ చర్చ కూడా బేస్‌బాల్‌తోనే ముడిపడి ఉంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఉల్రిక్ నైసర్, 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్‌పై జపాన్ దాడి వార్త వచ్చినప్పుడు తాను రేడియోలో బేస్‌బాల్ ఆట వింటున్నానని ఏళ్ల తరబడి నమ్మారు. డిసెంబరులో బేస్‌బాల్ ఆడరన్న సంగతి ఆయనకు చాలాకాలం తరువాత తట్టింది. 1982లో ఆయనే ఈ పొరపాటును వెల్లడించారు. ఆ రోజు న్యూయార్క్‌లో జరిగింది అమెరికన్ ఫుట్‌బాల్ ఆట అని, ఆడిన జట్ల పేర్లు జెయింట్స్, డాడ్జర్స్ అని తరువాత ఇతర పరిశోధకులు చూపారు. ఆ కాలంలో అదే నగరంలోని బేస్‌బాల్ జట్లకూ అవే పేర్లు. జ్ఞాపకం పూర్తిగా అబద్ధం కాదు. పేరు సరైనదే, ఆట మారింది.

1986 జనవరిలో ఛాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయిన మరునాడు నైసర్, నికోల్ హార్ష్ విద్యార్థుల చేత ఆ వార్త ఎలా తెలిసిందో రాయించారు. రెండున్నరేళ్ల తరువాత మళ్లీ అడిగారు. రెండోసారి స్పందించిన 44 మందిలో 11 మంది చెప్పిన ముఖ్య వివరాలన్నీ తొలి వాంగ్మూలానికి భిన్నంగా ఉన్నాయి. అయినా చాలామంది తమ జ్ఞాపకం మీద గట్టి నమ్మకంతో ఉన్నారు. నమ్మకం గట్టిగా ఉన్నంత మాత్రాన జ్ఞాపకం సరైనది కానవసరం లేదని ఆ అధ్యయనం తేల్చింది. ముచ్చట పదేపదే చెప్పినప్పుడు వినేవారికి నచ్చిన భాగం పెరుగుతుంది, నచ్చనిది జారిపోతుంది. మొదటి ఆట చివరి ఆట అవుతుంది. టోర్నీ బహుమతి ఫైనల్ బహుమతి అవుతుంది.

నిరీక్షణకు రికార్డు లేదు

రికార్డు గెలుపును నమోదు చేస్తుంది. గెలుపు కోసం ఎదురుచూసినవారిని నమోదు చేయదు. షికాగో కబ్స్ 1908 తరువాత మళ్లీ వరల్డ్ సిరీస్ గెలవడానికి 2016 వరకు, అంటే 108 ఏళ్లు పట్టింది. ఆ ఏడాది రిగ్లీ ఫీల్డ్ మైదానం ఇటుక గోడల మీద అభిమానులు, ఈ రోజు చూడకుండానే వెళ్లిపోయిన తమ తాతముత్తాతల, తల్లిదండ్రుల పేర్లను సుద్ద ముక్కలతో రాశారు. గోడలు పేర్లతో నిండిపోయాయి. ఆ విజయాన్ని ఏ స్కోరు పట్టిక అంత స్పష్టంగా చెప్పలేదు.

తెలుగు నేల మీద ఈ నిరీక్షణ రంజీ ట్రోఫీలో కనిపిస్తుంది. 1937-38లో నవానగర్‌పై ఒక్క వికెట్ తేడాతో నెగ్గి హైదరాబాద్ తొలిసారి ట్రోఫీ అందుకుంది. రెండో ట్రోఫీ 1986-87లో, ఎం.వి. నరసింహారావు నాయకత్వంలో ఢిల్లీపై తొలి ఇన్నింగ్స్ ఆధిక్యంతో వచ్చింది. మధ్యలో 49 ఏళ్లు. మొదటిదాన్ని చూసిన యువకులు రెండోదాని నాటికి వృద్ధులయ్యారు.

మహిళల క్రికెట్‌లో ఆ నిరీక్షణకు ముఖం మిథాలీ రాజ్. హైదరాబాద్‌లో ఆట నేర్చిన ఆమె నాయకత్వంలో భారత్ రెండుసార్లు ప్రపంచకప్ ఫైనల్ చేరింది. 2005లో సెంచూరియన్‌లో ఆస్ట్రేలియా చేతిలో 98 పరుగుల తేడాతో ఓడింది. 2017 జులై 23న లార్డ్స్‌లో 229 పరుగుల లక్ష్యానికి 3 వికెట్లకు 191 వరకు వచ్చి, మిగిలిన ఏడు వికెట్లను 28 పరుగులకే పోగొట్టుకుని 9 పరుగుల తేడాతో ఇంగ్లండ్‌కు తలవంచింది. 2022లో మిథాలీ ఆట నుంచి తప్పుకున్నారు. 2025లో కప్ గెలిచిన జట్టులో కడప జిల్లాకు చెందిన ఎడమచేతి స్పిన్నర్ శ్రీచరణి, హైదరాబాద్‌కు చెందిన పేసర్ అరుంధతి రెడ్డి ఉన్నారు. శ్రీచరణి ఆ టోర్నీలో 14 వికెట్లు తీశారు.

ముచ్చటను ఎలా భద్రపరచాలి

దీవులలో ఈ పనికి తొందర ఉంది. రేడియో చుట్టూ కూర్చుని ఆట విన్న తరం ఇప్పుడు వార్ధక్యంలో ఉంది. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో దీవుల్లోని ఎన్నో కుటుంబాలు ఇళ్లతో పాటు ఫోటోలు, కాగితాలు, పాత వస్తువులు కోల్పోయాయి. అటువంటి ఇళ్లలో పెద్దల మాట తప్ప గతానికి మరో ఆనవాలు మిగలలేదు. స్కోరు ఎప్పుడైనా వెతుక్కోవచ్చు. 1983లో దీవిలోని ఒక ఇంట్లో ఆ స్కోరు ఎలా వినిపించిందో చెప్పేవారు వెళ్లిపోతే మరి దొరకదు.

భద్రపరచడానికి పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. చరవాణిలో గొంతు నమోదు చేస్తే చాలు. అయితే నాలుగు విషయాలు పాటించడం మేలు. మొదటిది, అడగవలసింది స్కోరు కాదు. ఎక్కడ విన్నారు, ఎవరు పక్కన ఉన్నారు, ఏ సాధనం ద్వారా విన్నారు, ఆ రోజు ఇంట్లో ఏం జరుగుతోంది అన్నవి అడగాలి. రెండోది, చెబుతుండగా మధ్యలో సరిదిద్దకూడదు. సరిదిద్దితే చెప్పేవారు ఆగిపోతారు. మూడోది, తరువాత తేదీ, వేదిక, ఫలితాలను స్కోరు పట్టికతో పోల్చి విడిగా రాసి ఉంచాలి. నాలుగోది, తేడా కనబడితే చెప్పిన మాటను చెరిపివేయకుండా రెండింటినీ పక్కపక్కన ఉంచాలి. ఏది మరచిపోయారు, ఏది పెంచి చెప్పారు అన్నది కూడా ఆ మనిషికి ఆ ఆట ఎంత ముఖ్యమో తెలిపే సమాచారమే.

ఒక ఆటగాడి మీద నింద మోపే ముచ్చట అయితే మాత్రం రికార్డును తప్పక చూడాలి. బక్నర్‌కు న్యాయం జరగడానికి 22 ఏళ్లు పట్టింది. ఆ బంతి వెళ్లేసరికే స్కోరు సమమైందన్న ఒక్క వాక్యాన్ని ముచ్చటకు చేర్చి చెప్పి ఉంటే ఆయన అంతకాలం ఆ మాట పడవలసి వచ్చేది కాదు.

2025 నవంబరు 2 రాత్రి నవీ ముంబైలో కెప్టెన్ హర్మన్‌ప్రీత్ కౌర్, జట్టు సభ్యులు కప్‌ను మైదానంలో ఉన్న మాజీ క్రీడాకారిణులు మిథాలీ రాజ్, ఝులన్ గోస్వామి, అంజుమ్ చోప్రాల చేతికి అందించారు. రికార్డు ప్రకారం ఆ ముగ్గురూ ఆ ఫైనల్ ఆడలేదు. 2005ను, 2017ను మరచిపోని అభిమానులకు ఆ కప్పు ఎవరెవరిదో వేరే చెప్పవలసిన పని లేకపోయింది.